కెన్యా మిషన్ ట్రిప్‌లో అనాథ పిల్లల హోంకి పోతున్నాం, ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కావలి టీచర్

అందరికీ వందనాలు. మాది కావలి, ప్రైవేట్ స్కూల్లో మూడో క్లాస్ చెప్తా, చర్చిలో సండే స్కూల్ కూడా నేనే చూసుకుంటా. ఈ డిసెంబర్‌లో మా సంఘం యూత్ ఏడుగురం కెన్యాకి మిషన్ ట్రిప్ పోతున్నాం, మొత్తం పదిహేను రోజులు, అందులో పది రోజులు కిసుము దగ్గర ఒక అనాథ పిల్లల హోంలోనే. నలభై మంది పిలకాయలు ఉన్నారంట, మూడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా. మనిషికి లక్షా ఎనభై వేలు అవుతుంది, నాన్న అరవై వేలు ఇస్తానన్నాడు, నేను కట్టుకున్న చీటీ డబ్బులు కొంత, మిగతాది సంఘంలో కానుకలు ఎత్తుతున్నారు. యాక్షన్ సాంగ్స్, బొమ్మలు, ఫ్లాష్ కార్డులు రెడీ చేసుకుంటున్నా. టీకాలు ఏవి వేయించుకోవాలి, మన ఇంగ్లీషు ఆ పిల్లలకి అర్థమవుతుందా, ఇంకా ఏం తీసుకుపోతే బాగుంటుందో తెలిసినోళ్ళు చెప్పండి. ఇంకో మాట. పోయినేడు వెళ్ళొచ్చినోళ్ళ వీడియో చూశా, తిరిగొచ్చే రోజు చిన్నపిల్లలు కాళ్ళకి చుట్టుకుని వదల్లేదు, చూస్తేనే ఏడుపొచ్చేసింది. ఆ రోజుని ఎట్ట తట్టుకోవాలో కూడా చెప్పండి.

నెల్లూరు నర్సు

ముందు టీకా సంగతి. కెన్యా పోయి ఇండియాకి తిరిగొచ్చేవాళ్ళ దగ్గర యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. బయలుదేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్క డోసు చాలు జీవితాంతం పనికొస్తుంది. ఏ ఆస్పత్రిలో పడితే ఆ ఆస్పత్రిలో వేయరు, మనకి దగ్గరంటే చెన్నై, గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్, ముందే కనుక్కుని పాస్‌పోర్ట్ తీసుకుని పోండి. కోడిగుడ్డు పడనోళ్ళు ఉంటే అక్కడ తప్పకుండా చెప్పాలి. కిసుము వైపు మలేరియా ఎక్కువ, మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి, దోమతెర మర్చిపోవద్దు.

కాళ్ళకి చుట్టుకుంటారు అన్నావు కదమ్మా, దాని గురించి కూడా చెప్పాలి. నేను పిల్లల వార్డులో పదకొండేళ్ళు చేశా. ఇంట్లో పెరిగిన మూడేళ్ళ బిడ్డ కొత్తమనిషిని చూస్తే అమ్మ చీర వెనక దాక్కుంటుంది, అదే మంచి లక్షణం. మొదటి పది నిమిషాల్లోనే ముక్కూమొహం తెలియనోళ్ళ మెడకి చుట్టుకునే బిడ్డని చూస్తే మాకు దిగులేసేది, ఎందుకంటే ఆ బిడ్డకి నాది అనుకునే మనిషి ఒక్కరు కూడా నిలకడగా లేరేమో అని. ఎత్తుకునే చేతులు మారిపోతా ఉంటే పిల్లలు అట్టా తయారవుతారు. మీరు పది రోజులుండి వచ్చేస్తే ఆ మారిన చేతుల్లో మీవీ కలుస్తాయి, అది ఆలోచించుకో తల్లీ.

హోంలో పెరిగినోణ్ణి, సింగరాయకొండ

చెల్లెమ్మా, నిన్ను బాధపెట్టాలని కాదు, నువ్వు అడిగిన చివరి మాటకి జవాబు చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

నేను ప్రకాశం జిల్లాలోనే ఒక హోంలో ఆరేళ్ళప్పుడు చేరి టెన్త్ దాకా ఉన్నా. మాది కనిగిరి వైపు. నాన్న చనిపోయాడు, అమ్మ ఉంది. టంగుటూరులో పొగాకు గ్రేడింగ్‌కి పోయేది, అది సీజన్ పని, సీజన్ అయిపోతే ఏ కూలి దొరికితే ఆ కూలి. హోంలో చేర్పిస్తే మూడు పూటలా అన్నం పెట్టి చదువు చెప్పిస్తామన్నారు, వదిలిపెట్టి వెళ్ళింది. నెలకో ఆదివారం వచ్చి చూసిపోయేది. ప్రతి జనవరిలో ఫారినోళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళు రావడానికి వారం ముందు నుంచి బడి మానిపించి పాటలు ప్రాక్టీస్ చేయించేవాళ్ళు. ఆ నెల మాత్రం అమ్మలు ఎవరూ రావద్దని చెప్పేవాళ్ళు. మమ్మల్ని అనాథలని చెప్పి చూపిస్తున్నారు మరి, అమ్మొచ్చి గేటు దగ్గర నిలబడితే ఎట్టా. ఒక ఏడు ఆ సంగతి తెలియక మా అమ్మ అరిసెలు మూట కట్టుకుని వచ్చేసింది, గేటు దగ్గర నుంచే పంపించేశారు, నాకు మూట అందింది నాలుగు రోజుల తర్వాత.

ఒక ఆంటీ ఉండేది, జుట్టంతా తెల్లగా. ఉన్నన్ని రోజులూ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది, నా చేయి పట్టుకుని నడిచింది. పోయేటప్పుడు ఏడ్చింది, మళ్ళీ వస్తా అంది. రెండేళ్ళు జనవరిలో వ్యాన్ దిగేవాళ్ళని ఒక్కొక్కరిని చూసేవాణ్ణి ఆమె ఉందేమో అని. ఆమె మంచి మనిషి, ఈరోజుకీ ఆమె మీద కోపం లేదు. మూడో ఏడు నుంచి ఎవరొచ్చినా నేను వెనక వరసలో నిలబడ్డా అంతే.

నెలకి వెయ్యి రూపాయలు ఎవరన్నా ఆసరాగా ఇచ్చి ఉంటే నిన్ను పంపేదాన్నే కాదురా అని అమ్మ చాలాసార్లు అంది. ఇప్పుడు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అట్టాంటి ఇళ్ళల్లో పిల్లలకి నెలకి 4000 స్పాన్సర్‌షిప్ ఉంది, అప్పట్లో మా ఊళ్ళో మాకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

కందుకూరు బ్రదర్

అన్నా మీ బాధ నిజమే కానీ అన్ని హోంలూ ఒకటే అనొద్దు. నా ఫ్రెండ్‌కి ఎవరూ లేరు, హోం లేకపోతే రోడ్డు మీద ఉండేవాడు, ఈరోజు బీటెక్ చేసి బెంగళూరులో ఉన్నాడు. సిస్టర్ ఎంతో ప్రేమతో పోతోంది, ఆమె మనసు విరిచేస్తే ఎట్టా.

హోంలో పెరిగినోణ్ణి, సింగరాయకొండ

తమ్ముడూ నేనూ హోం అన్నం తినే పాలిటెక్నిక్ దాకా చదివా, ఆ అన్నాన్ని మర్చిపోను. మీ ఫ్రెండ్ లాంటి వాళ్ళకి చోటు ఉండాల్సిందే. మా హోంలో ముప్పై నలుగురం ఉంటే నిజంగా ఎవరూ లేనోళ్ళు ఐదుగురు. మిగతా అందరికీ అమ్మో అమ్మమ్మో మేనమామో ఉన్నారు. నేను చెప్పేది వాళ్ళ గురించి.

నెల్లూరోణ్ణి, నైరోబీలో ఉద్యోగం

ఇక్కడ ఏడేళ్ళుగా ఉన్నా కాబట్టి రాస్తున్నా. భాష ఇబ్బంది లేదు, బడికి పోయే పిల్లలకి ఇంగ్లీష్ వచ్చు, చిన్నోళ్ళకి కిస్వాహిలి, కిసుము చుట్టుపక్కల లువో. 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ, అంటే ముందుగానే తీసుకునే ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లోనే. పిల్లలతో పనిచేయడానికి టూరిస్టుగా రావచ్చా అనేది మీ పాస్టర్ గారిని రాతపూర్వకంగా కనుక్కోమను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కెన్యా గవర్నమెంటే 2017లో కొత్త హోంలకి రిజిస్ట్రేషన్ ఆపేసింది, 2022లో కొత్త పిల్లల చట్టం వచ్చింది, పిల్లల్ని మెల్లగా కుటుంబాలకి చేర్చాలనేది వాళ్ళ పాలసీ. యూనిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా అనాథే, ఆ మాట విని ఎవరూ లేరనుకుంటాం. కిసుము వైపు ఎయిడ్స్ వల్ల చాలా ఇళ్ళల్లో నడిమి తరం పోయింది, ఆ పిల్లల్ని ఎక్కువగా సాకింది అమ్మమ్మలు నాయనమ్మలే. ఇంకోటి, డిసెంబర్‌లో ఇక్కడ బడులకి పెద్ద సెలవులు, మనకి సంక్రాంతికి లాగా బస్సులన్నీ కిక్కిరిసిపోయి అందరూ ఊళ్ళకి పోతారు. హోం పిల్లలు కూడా చుట్టాల ఇళ్ళకి పోయే టైం అదే. మీ టీం వస్తుందని వాళ్ళని ఆపేస్తున్నారేమో, ముందు ఆ ఒక్క ప్రశ్న అడగమ్మా.

ఒంగోలు, రిటైర్డ్ హెచ్చెం

అమ్మాయ్, మన జిల్లాకీ ఒకప్పుడు మిషన్ వాళ్ళు పరాయి దేశం నుంచే వచ్చారు. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు, తెలుగు నేర్చుకుని దశాబ్దాలు ఇక్కడే ఉన్నాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వేల మందికి కూలి ఇప్పించాడు, ఆ పని సాగినన్నాళ్ళూ అన్నం కోసం వస్తున్నారేమో అని ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి చేతికందితే తల్లే బిడ్డకి గంజి కాచుకుంది. మీ ఏడుగురి టికెట్ డబ్బులు కలిపితే పన్నెండు లక్షల పైమాట, దాన్ని ఆ ఊళ్ళో బడి ఫీజులకీ, ఆ ముసలమ్మల ఇళ్ళకీ చేర్చే దారి ఉందేమో పాస్టర్ గారితో కూర్చుని మాట్లాడండి. నువ్వు టీచరువి, పోవాలనే ఉంటే అక్కడి టీచర్లతో కూర్చో, నీకు తెలిసింది వాళ్ళకి చెప్పు, వాళ్ళకి తెలిసింది నేర్చుకో. వాళ్ళు ఆ పిల్లల దగ్గరే ఉండిపోతారు కదా.

కావలి టీచర్

రెండు రోజులు ఏం రాయాలో తెలియలేదు. నిన్న పాస్టర్ గారి దగ్గరికి ఈ పేజీ తీసుకుపోయి చూపించా, ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అక్కడి వాళ్ళకి ఫోన్ చేశారు. నలభై మందిలో ముప్పై ఒక్క మందికి ఇంటివాళ్ళు ఉన్నారంట. డిసెంబర్‌లో ఎందుకు పంపట్లేదంటే విజిటర్స్ వస్తున్నారు కదా అన్నారంట. ఆదివారం కమిటీ కూర్చుంటుంది, కానుకలు ఇచ్చినోళ్ళకి కూడా చెప్పాలి. నేనైతే పిల్లల దగ్గరికి పోనని చెప్పేశా. బొమ్మలన్నీ పెట్టెలోనే ఉన్నాయి, చూస్తే బాధేస్తోంది.

సింగరాయకొండ అన్నా, అమ్మగారు ఇప్పుడు యాడ ఉన్నారు?

హోంలో పెరిగినోణ్ణి, సింగరాయకొండ

నా దగ్గరే ఉంది చెల్లెమ్మా. నువ్వు రాసింది చదివి వినిపించా. ఆ ముప్పై ఒక్క మందికీ ఈ డిసెంబర్ సెలవులకి బస్సు ఛార్జీలు ఎంతవుతాయో కనుక్కోమంది.