ఒక్కో సినిమా నాలుగైదు ఆల్బమ్‌లుగా విడిపోతోంది: ఇంట్లో ఉబుంటు, విండోస్ రెండూ ఉన్నాయి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హాల్లో పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో విండోస్ 11. నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన నాలుగు వేల పాటలున్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను మార్చి మార్చి రెండింటికీ పెడుతున్నాం. ప్లేయర్లో ఒక్కో సినిమా పాటలు వేర్వేరు ఆల్బమ్‌లుగా ముక్కలై కనిపిస్తున్నాయి. ఉబుంటులో ఒక్కోసారి డిస్క్ రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప ఏమీ మార్చడం కుదరదు) అంటుంది. పొడుగు తెలుగు పేర్లున్న ఫైళ్లు కొన్ని ఉబుంటులోకి కాపీ కావడం లేదు. అవి నాన్నగారు స్వయంగా పెట్టిన పేర్లు, పోగొట్టుకోలేను.

జవాబు:
ముందుగా డిస్క్ మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే మిగతావి.

సినిమా ముక్కలవడానికి కారణం ట్యాగులు, అంటే పాట ఫైల్ లోపలే రాసి ఉండే పాట పేరు, గాయకుడి పేరు లాంటి వివరాలు. మన సినిమాల్లో ఒక పాట లీల, ఇంకో పాట సుశీల పాడతారు. ఆర్టిస్ట్ పేరు చూసి విడదీసే ప్లేయర్‌కు అవన్నీ ఒకే సినిమావని తెలియదు. అందుకే ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే ట్యాగ్ విడిగా ఉంది. సినిమా మొత్తానికి అందులో ఒకే పేరుండాలి. నేనైతే సంగీత దర్శకుడి పేరు పెడతాను. అప్పుడు ఘంటసాల సంగీతం కట్టినవి ఆయన కింద, సాలూరి రాజేశ్వరరావు బాణీలకు పాడినవి సాలూరి కింద చేరతాయి. గాయకుడి పేరు ఆర్టిస్ట్‌లో అలాగే ఉంటుంది.

దీనికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ట్యాగులు సరిచేసే ప్రోగ్రామ్ వాడండి. ఉచితం, రెండింట్లోనూ నడుస్తుంది. ఆప్షన్స్ మెనూలో రీనేమ్ ఫైల్స్, మూవ్ ఫైల్స్ టిక్కులు లేకుండా చూసుకోండి, లేకపోతే నాన్నగారి పేర్లు మారిపోతాయి. సినిమా పాటలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, కింద ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో పేరు టైప్ చేసి, కంట్రోల్ ఎస్ కొట్టండి. ఎంపీత్రీలైతే సెట్టింగుల్లో ఐడీత్రీ (ఎంపీత్రీల్లో ట్యాగులు రాసే పద్ధతి) 2.3 ఎంచుకోండి. 2.4ను చదవలేని పాత ప్రోగ్రాములు విండోస్‌లో ఇంకా ఉన్నాయి.

పొడుగు పేర్ల సంగతి. ఉబుంటు మామూలుగా వాడే ఎక్స్‌ట్4లో (డిస్క్‌లో ఫైళ్లు దాచే పద్ధతి) ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు తింటుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) లెక్క వేరు, అందుకే అక్కడ పట్టిన పేరు ఇక్కడ పట్టదు. పూర్తి పేరును టైటిల్ ట్యాగ్‌లో పెట్టి, ఫైల్ పేరు కుదించండి. నాన్నగారి మాట ఒక్క అక్షరం పోదు, ప్లేయర్లో కనిపించేదీ అదే.

రీడ్ ఓన్లీకి ఎక్కువసార్లు కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ కావడానికి కంప్యూటర్‌ను పూర్తిగా ఆపకుండా ఉంచే ఏర్పాటు). పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్కు తీసేయండి, ఎజెక్ట్ చేశాకే డిస్క్ పీకండి.

మరో సభ్యుడు:
అసలు డిస్క్ మోయడమే మానేయండి అన్నా. ఉబుంటులోనే ఉంచి నావిడ్రోమ్ పెట్టండి, ఒక కంప్యూటర్లోని పాటలను ఇంట్లో మిగతావాటికి వినిపించే ప్రోగ్రామ్ అది. ల్యాప్‌టాప్ బ్రౌజర్లో ఉబుంటు ఐపీ అడ్రస్, పక్కన 4533 పోర్ట్ కొడితే పాటలన్నీ వస్తాయి. అది మన ఫైళ్లను ముట్టుకోదు, చదువుతుంది అంతే.

ప్రశ్న అడిగినవారు:
నావిడ్రోమ్ పెట్టాను, చాలా థాంక్స్. ఒక్క సినిమా మాత్రం ఇంకా రెండుగానే ఉంది.

జవాబు:
ఒకచోట ‘ఘంటసాల’, ఇంకోచోట ‘ఘంటశాల’ అని పడిందేమో చూడండి. పేరు చివర ఖాళీ ఉన్నా చూడటానికి తేడా తెలియదు. అన్నీ కలిపి సెలెక్ట్ చేసి మళ్లీ ఒక్కసారే టైప్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అదేనండీ, ‘శ’ పడింది. ఇప్పుడు పన్నెండు పాటలూ ఒకేచోట ఉన్నాయి.