అప్‌డేట్: తక్కువ బరువుతో పుట్టిన మా వాడి ఆయాసం

కడుపులో సరిగ్గా ఎదగక, నెలలు నిండినా 1.9 కిలోలతోనే పుట్టిన మా వాడికి తొమ్మిదేళ్లొచ్చినా సింహాచలం మెట్లు సగం ఎక్కేసరికే ఆయాసం వస్తోంది, రెండిటికీ సంబంధం ఉందా అని అడిగాను కదా. మొత్తానికి డాక్టరుకి చూపించాం. స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తులు ఎంత గాలి వదులుతున్నాయో కొలిచే టెస్టు చేశారు. గొట్టం నోట్లో పెట్టుకుని స్క్రీన్ మీది కొవ్వొత్తులు ఊదాలి, మూడోసారికి బుగ్గలు ఎర్రబడిపోయి "అమ్మా, ఒక్కటి ఆరట్లేదు" అని ఏడుపు మొహం పెట్టాడు.

మొదటి సెకనులో వదిలే గాలి కాస్త తక్కువే ఉంది. సంబంధం ఉండొచ్చన్నారు. కడుపులో ఉన్నప్పుడు మాయ (ప్లాసెంటా) నుంచి రక్తం చాలకపోతే బిడ్డ శరీరం ఉన్నదాన్ని ముందు మెదడుకి మళ్లిస్తుందట, ఊపిరితిత్తుల్లాంటి మిగతా వాటికి కోత పడుతుంది. అయితే ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఎక్కువ భాగం పుట్టాకే తయారవుతాయి కాబట్టి ఆటలు మాన్పించొద్దని గట్టిగా చెప్పారు. నేనేమో భయపడి రెండేళ్లుగా పీటీ పీరియడ్ మాన్పించేశాను, సగం ఆయాసం అలవాటు తప్పడం వల్లేనట!

ఇంట్లో సిగరెట్ పొగ అస్సలు వద్దన్నారు, మా ఆయన మొహం చూడాలి అప్పుడు. ఇప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డులో తండ్రీకొడుకులిద్దరూ సైకిల్ తొక్కుతున్నారు, ముందు ఆగిపోయేది మాత్రం మా ఆయనే. ఆరు నెలల తర్వాత మళ్లీ టెస్టు.