కరెంటు తక్కువ తినే పవర్ సప్లై: 550 గోల్డా, 850 బ్రాంజా?

కొత్త_కీబోర్డు
నమస్తే అండీ. డెస్క్‌టాప్‌కి పవర్ సప్లై మార్చాలి. రోజుకి పది గంటలు ఆన్‌లో ఉంటుంది. ఎనిమిది గంటలు రాతపని, బ్రౌజింగ్. రాత్రి రెండు గంటలు గేమ్. గ్రాఫిక్స్ కార్డ్ 200 వాట్లది. దాదాపు ఒకే ధరలో రెండు కనిపించాయి: 550 వాట్ల 80 ప్లస్ గోల్డ్, 850 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్. 80 ప్లస్ అంటే కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే రేటింగ్ అట, బ్రాంజ్ కంటే గోల్డ్ పైది. కరెంటు ఆదా కావాలి. ఏది తీసుకోమంటారు?

వాట్‌మీటర్
550 గోల్డ్. దీనికి చర్చ కూడా అక్కర్లేదు.

కరిగిన_కేబుల్
చర్చ కావాలి. ఏ పవర్ సప్లై అయినా సగం లోడ్ దగ్గరే, అంటే గరిష్ఠ వాట్లలో సగం ఇస్తున్నప్పుడే, బాగా పనిచేస్తుంది. అందుకే అవసరానికి రెట్టింపు కొనమంటారు. 850 తీసుకో తమ్ముడూ.

చిన్న_ఫ్యూజు
850 పెడితే గోడలోంచి 850 వాట్లు లాగదా? బిల్లు వాచిపోతుంది కదా.

వాట్‌మీటర్
@చిన్న_ఫ్యూజు, లాగదు. డబ్బా మీద ఉన్న అంకె అది ఇవ్వగలిగిన గరిష్ఠం. కంప్యూటర్ 60 వాట్లు అడిగితే 60 ఇస్తుంది. గోడ నుంచి మాత్రం అంతకన్నా కొంచెం ఎక్కువ తీసుకుంటుంది; ఆ తేడా వేడిగా పోతుంది. ఆ వృథా ఎంత అన్నదే ఈ బ్రాంజ్, గోల్డ్ గొడవంతా.

@కరిగిన_కేబుల్, నీ సూత్రంతోనే చూద్దాం. గేమ్‌లో మొత్తం 300 వాట్లు అనుకో. 550లో అది 55 శాతం. 850లో 35 శాతం. సగానికి దగ్గర ఏది? పైగా గోడ నుంచి తీసుకున్నదాంట్లో కనీసం ఎన్ని శాతం కంప్యూటర్‌కి అందాలో రేటింగ్ హద్దులు పెడుతుంది. గోల్డ్‌కి 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర 87, 90, 87. బ్రాంజ్‌కి 82, 85, 82. అంటే నిండా లోడ్ వేసిన గోల్డ్ కూడా సగం లోడ్ మీదున్న బ్రాంజ్ కంటే పైనే.

ఇప్పుడు అసలు లెక్క. రాతపనిలో 60 వాట్లు. 82 శాతంతో గోడ నుంచి 73, 87 శాతంతో 69. తేడా నాలుగు వాట్లు, రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి 12 యూనిట్లు. గేమ్‌లో 300 వాట్లకి 85, 90 శాతాలతో 353, 333. తేడా 20 వాట్లు, రోజుకి రెండు గంటలు, ఏడాదికి 14 యూనిట్లు. మొత్తం 26. ఇది కూడా బ్రాంజ్ మీద జాలిపడి వేసిన లెక్కే. ఎందుకంటే 60 వాట్లు 850లో ఏడు శాతం. 20 శాతం కింద ఎలా ఉండాలో బ్రాంజ్ రేటింగ్ ఏమీ చెప్పదు. అక్కడ సాధారణంగా 82 కంటే బాగా కిందికే పోతుంది. రాతపనికి 850 అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఒంటి_స్క్రూ
ఆ అంకెలు 115 వోల్టుల పట్టికలోవి. మన ఇళ్లలోని 230 వోల్టులకి వేరే పట్టిక ఉంది. 230 మీద అదే పవర్ సప్లై ఒకటి రెండు శాతం మెరుగ్గా చేస్తుంది.

వాట్‌మీటర్
తెలుసు. రెంటికీ పెరుగుతుంది, తేడా పెద్దగా మారదు.

కరిగిన_కేబుల్
సరే, 20 శాతం కింద రేటింగ్ చెప్పదన్నావు. 60 వాట్లు 550లో 11 శాతం. అది మాత్రం సిలబస్‌లో ఉందా? బ్రాంజ్‌కి లేని హామీ గోల్డ్‌కి ఎక్కడి నుంచి వచ్చింది?

వాట్‌మీటర్
రాలేదు. 10 శాతం దగ్గర హద్దు ఉన్నది గోల్డ్ కంటే బాగా పైనున్న టైటానియమ్ లాంటి రేటింగులకే. కానీ నా దగ్గర మీటర్ ఉంది. అదే కంప్యూటర్, అదే ఖాళీ డెస్క్‌టాప్: 850 బ్రాంజ్‌తో 78, 550 గోల్డ్‌తో 70. కళ్లారా చూశాను.

కరిగిన_కేబుల్
ఒక మీటరు, ఒక కంప్యూటరు, ఒక మనిషి. దీన్ని పట్టుకుని లోకానికి పాఠం.

దుప్పటి
వాడనప్పుడు స్లీప్‌లో పెడితే చాలు కదా. మీరు 26 యూనిట్ల కోసం కొట్టుకుంటున్నారు. 70 వాట్ల మీద రోజుకి మూడు గంటలు ఊరికే వెలుగుతున్న కంప్యూటర్ ఏడాదికి 76 యూనిట్లు తింటుంది.

కరిగిన_కేబుల్
@వాట్‌మీటర్, జవాబు లేదా? మీటర్ రెండు మూడు వాట్లు అటూ ఇటూ చూపించదా?

వాట్‌మీటర్
ఎనిమిది వాట్లు అన్నాను. రెండు మూడు కాదు. నీకు చదవడం రాకపోతే నేనేం చేయను? ప్రతి చర్చలోకీ వచ్చి "పెద్దది కొను, పెద్దది కొను" అనడం తప్ప నువ్వు ఒక్క లెక్క చూపించావా?

కరిగిన_కేబుల్
లెక్క కావాలా? ఇదిగో. నేనూ వాట్లు లెక్కబెట్టుకుని "నాకు 300 చాలు" అనుకున్నవాణ్ణే. క్యాబినెట్‌తో పాటు వచ్చినదే ఉంచుకున్నాను. ఒక రాత్రి టప్‌మని శబ్దం, కాలిన వాసన. మదర్‌బోర్డు పోయింది. రెండు హార్డ్ డిస్కులూ పోయాయి. వాటిలో పదకొండేళ్ల ఫొటోలు. మా నాన్న కనిపించే వీడియో ఒక్కటే ఉండేది, అదీ అందులోనే. ఏడాదికి 26 యూనిట్లు మిగుల్చుకుని ఏం చేసుకోను? నా పేరు సరదాకి పెట్టుకున్నది కాదు.

వాట్‌మీటర్
ఆ సంగతి తెలియదు. బాధ కలిగింది.

కానీ అన్నా, ఇన్ని పోస్టులుగా మనం వేర్వేరు విషయాల మీద కొట్టుకుంటున్నాం. అతను కరెంటు అడిగాడు, నేను కరెంటు చెప్పాను. నువ్వు చెబుతున్నది కాలిపోకూడదని. దానికి 850 అన్న అంకె మందు కాదు. లోపల చెత్త ఉంటే 850 కూడా పేలుతుంది. ఓవర్ కరెంట్, ఓవర్ వోల్టేజ్, వేడి పెరిగితే ఆగిపోయే రక్షణ, మంచి కెపాసిటర్లు, వారంటీ: చూడాల్సినవి ఇవి. రేటింగ్ స్టిక్కర్ వీటి గురించి ఒక్క మాట చెప్పదు. గోల్డ్ స్టిక్కర్ కూడా చెప్పదు, ఒప్పుకుంటాను.

కరిగిన_కేబుల్
ఇదే మొదటి పోస్టులో చెప్పొచ్చుగా. "చర్చ అక్కర్లేదు" అన్నావు. కొత్తవాళ్లు గోల్డ్ అనగానే మంచి సరుకు అనుకుంటారు. నాకు మండేది అక్కడే.

వాట్‌మీటర్
నువ్వు మాత్రం? 850 అనగానే భద్రం అనుకుంటారు. అదీ అంతే తప్పు.

ఒంటి_స్క్రూ
80 ప్లస్ కాకుండా సైబెనెటిక్స్ అనే ఇంకో సంస్థ ఇచ్చే రేటింగ్ చూడండి. మూడు చోట్ల కాకుండా చాలా లోడ్ల దగ్గర కొలుస్తారు. శబ్దానికి కూడా విడిగా రేటింగ్ ఇస్తారు.

చిన్న_ఫ్యూజు
నా పాత యూపీఎస్‌తో కొత్త గోల్డ్ పెడితే కరెంటు పోగానే కంప్యూటర్ ఆగిపోతోంది. ఎందుకు?

కరిగిన_కేబుల్
దానికి వేరే చర్చ మొదలుపెట్టు. @కొత్త_కీబోర్డు, ఇంతసేపూ ఎవరం అడగలేదు. ఇప్పుడు వాడుతున్నది ఏది? పక్క మూత తీసి స్టిక్కర్ చదువు. ప్లస్ 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాసి ఉంది?

కొత్త_కీబోర్డు
ఇప్పుడే చూశాను. కంపెనీ పేరు ఎక్కడా లేదు, క్యాబినెట్‌తో వచ్చినదే. పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. కింద పట్టికలో ప్లస్ 12: 15 ఆంపియర్లు.

వాట్‌మీటర్
పన్నెండు పదిహేనులు 180. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ బతికేది ఆ 12 వోల్టుల లైన్ మీదే. నీ కార్డ్ ఒక్కటే 200. స్టిక్కర్ మీది 500 వట్టి ముగ్గు.

కరిగిన_కేబుల్
ఈ రాత్రి గేమ్ ఆడకు తమ్ముడూ. ముందు ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ కంప్యూటర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టు. గోల్డా బ్రాంజా తర్వాత.

వాట్‌మీటర్
ఇందులో మాత్రం ఆయన మాటే నా మాట.

కొత్త_కీబోర్డు
నిన్న రాత్రి కూడా రెండు గంటలు ఆడాను. కాపీ మొదలుపెట్టాను, ఇంకా నాలుగు గంటలు చూపిస్తోంది. మీ ఇద్దరూ చెప్పింది చదివి, రక్షణలన్నీ ఉన్నది, పదేళ్ల వారంటీది, 650 గోల్డ్ ఆర్డర్ పెట్టేశాను.

వాట్‌మీటర్
650 ఎవరు చెప్పారు?

కరిగిన_కేబుల్
నేను చెప్పలేదు.