బీఎండబ్ల్యూ ఎం2, పోర్షే 718 కేమన్ ఎస్: పికప్‌లో ఏది ముందు?

కోటజంక్షన్ (విజయనగరం):
ఈ రెండు కూపేలలో ఏది త్వరగా వేగం అందుకుంటుందన్న వాదన తరచుగా వస్తున్నది కనుక అంకెలు పెట్టి తేల్చేస్తున్నాను. నిలిచిన చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి చేరడానికి 2023లో వచ్చిన ఎం2 ఆటోమేటిక్‌కు 4.1 సెకన్లు పడుతుంది. కేమన్ ఎస్‌కు పీడీకే అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో పాటు, అదనపు ధరకు వచ్చే స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ కూడా ఉంటే 4.2 సెకన్లు. రెండూ ఆయా కంపెనీలు ప్రకటించిన లెక్కలే. ఇక వాదించడానికి ఏమీ మిగలలేదని నా అభిప్రాయం.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
తేలిపోయిందని మీరంటున్న చోటే నాకు సందేహం మొదలవుతున్నదండీ. ఎం2లోని మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల, రెండు టర్బోల ఇంజన్ 460 హెచ్‌పీ ఇస్తుంది. కేమన్ ఎస్‌లోని రెండున్నర లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజన్ ఇచ్చేది 350. ఇంత తేడా ఉండి కూడా చివరికి దక్కింది సెకనులో పదో వంతేనంటే, ఆ అంకె ఇంజన్ సత్తాను కొలవడం లేదన్నమాట. ఎం2 బరువు 1,700 కిలోలకు తగ్గదు, కేమన్ ఎస్ 1,400 కిలోల లోపే. అంతకన్నా ముఖ్యం ఇంజన్ ఉన్న చోటు. కేమన్‌లో అది సీట్లకు వెనుక, వెనుక ఇరుసుకు ముందు ఉంటుంది గనుక బండి బరువులో సగానికి పైగా తోసే చక్రాల మీదే పడి, బయలుదేరేటప్పుడు టైర్లు జారకుండా రోడ్డును పట్టుకుంటాయి. ఎం2లో ఇంజన్ ముందు, తోసే చక్రాలు వెనుక. దాని 550 న్యూటన్ మీటర్ల టార్కును, అంటే చక్రాలను తిప్పే బలాన్ని, మొదటి గేరులో ఎలక్ట్రానిక్స్ కొంత అణచిపెట్టవలసిందే. కనుక 0-100లో సగం పరీక్ష టైర్లది. 100 దాటిన తరువాత పోల్చి చూడండి, ఎం2 బలం అక్కడ తెలుస్తుంది.

సాలూరు_మలుపు:
సాలూరు నుంచి సుంకి వైపు ఘాట్ ఎక్కేటప్పుడు ఏ మలుపూ 100 దాకా పోనివ్వదు. అక్కడ నాకు తేలికైన బండే కావాలి.

కోటజంక్షన్:
ఘాట్ రోడ్డు ఈ చర్చలోకి ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. 4.1 అన్నది 4.2 కన్నా తక్కువ, అంతే. పైగా 2024లో 480 హెచ్‌పీకి పెంచాక ఎం2 ఆటోమేటిక్ 4.0కు దిగింది. అమెరికా పత్రికల పరీక్షల్లోనైతే నాలుగు సెకన్ల లోపే నమోదైంది.

ఉద్దానం_అబ్బాయి (సోంపేట, ప్రస్తుతం గల్ఫ్‌లో):
అమెరికా లెక్కను ఐరోపా లెక్క పక్కన పెట్టకండి బాబూ. వాళ్లు కొలిచేది గంటకు 60 మైళ్ల వరకు, అంటే సుమారు 97 కిలోమీటర్లు. అదీగాక డ్రాగ్ రేసుల ఆనవాయితీ ప్రకారం బండి ఒక అడుగు దూరం కదిలాకే గడియారం మొదలుపెడతారు, దానివల్ల 0.2 నుంచి 0.3 సెకన్లు కలిసివస్తాయి. మీరిద్దరూ పోట్లాడుకుంటున్న పదో వంతు కన్నా ఇదే పెద్దది. ఇక ఎండ సంగతి. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంటర్‌కూలర్ తగినంత చల్లబరచలేనప్పుడు, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) రాకుండా కంప్యూటరు ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది, పవరు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం టెక్కలి దగ్గర కొలిస్తే 4.1 రాదు, 4.2 కూడా రాదు.

నాగావళి_గట్టు:
నేను ఈ అంకెలను ఎందుకు నమ్మనో కూడా చెబుతాను. బ్రోచర్‌లోని 0-100 అంకె చూసి మురిసిపోయి ఒక కంపెనీ ఆటోమేటిక్ సెడాన్ కొన్నాను. ఆ కంపెనీ పేరు అనవసరం. ఒకనాడు మా మామగారిని ఎక్కించుకుని రణస్థలం వైపు నుంచి వస్తూ, 80లో ఉండగా లారీని దాటబోయి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే, గేరు దింపాలా వద్దా అని గేర్‌బాక్సు ఆలోచించుకునే లోపల వెనుక బస్సు మీదికి వచ్చేసింది. మామగారు మళ్లీ ఆ బండి ఎక్కలేదు. ఆ ఆలస్యాన్ని 0-100 అంకె ఎన్నటికీ చూపదు, ఎందుకంటే ఆ పరీక్ష మొదటి గేరు సిద్ధంగా ఉండగానే మొదలవుతుంది.

కోటజంక్షన్:
మీ సెడాన్ చేసిన తప్పుకు ఎం2ను శిక్షించడం ఏం న్యాయమండీ? మొదటి నుంచీ మీ బాధ పికప్ గురించి కాదు, ఆటోమేటిక్ గురించి. క్లచ్ తొక్కనివాడు డ్రైవరే కాడన్న ధోరణి మీ రాతల్లో ఎప్పుడూ కనిపిస్తుంది. మోకాలు అరిగిపోయిన నాబోటివాడికి వేగాన్ని ఆనందించే అర్హత లేదంటారా? సరే, మీకు ఇష్టమైన మాన్యువల్ లెక్కలే తీసుకుందాం. 2023 ఎం2కు 4.3, కేమన్ ఎస్‌కు 4.6. తేడా పెరిగిందే తప్ప తగ్గలేదు.

మూడులాంతర్లు:
ఇద్దరూ ఎం2నే గెలిపిస్తూ పోట్లాడుకోవడం ఇప్పుడే చూస్తున్నాను.

నాగావళి_గట్టు:
మోకాళ్ల మాట నేనెక్కడా ఎత్తలేదు. నేను అనని మాటలకు నన్ను జవాబుదారీని చేయకండి. నేను కేమన్ తరఫు వకీలునూ కాను. నా అభ్యంతరమల్లా ఒక్కటే: 4.1 లాంచ్ కంట్రోల్, అంటే బండి బయలుదేరడాన్ని కంప్యూటరే చూసుకునే ఏర్పాటు, సాధించిన అంకె. బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ నొక్కిపట్టి, ఆపై బ్రేకు వదలడం ఒక్కటే మనిషి పని. స్పోర్ట్ క్రోనో లేని పీడీకే కేమన్ ఎస్‌కు 4.4 పడుతుంది, అంటే మీరు చెప్పిన 4.2లో 0.2 అదనపు డబ్బు పెట్టి కొనుక్కున్నది. 2024లో బీఎండబ్ల్యూ ఆటోమేటిక్‌కు 600 న్యూటన్ మీటర్లు ఇచ్చి, మాన్యువల్‌ను 550 దగ్గరే ఆపింది. అలా ఆపి, మాన్యువల్ నెమ్మది అని మనకే చెబుతారు.

కోటజంక్షన్:
బండి పనితనమంటే బండి ఏం చేయగలదో అదే; దాని చేత చేయించినది మనిషా కంప్యూటరా అన్నది వేరే ప్రశ్న. ఏబీఎస్ ఉన్న బండి ఎంత దూరంలో ఆగిందో చెబితే ఎవరూ మోసం అనరు. టర్బోను కూడా డ్రైవరు నోటితో ఊదడం లేదు కదా.

ఉద్దానం_అబ్బాయి:
అయితే 80 నుంచి 120 లెక్కకు ఇద్దరూ ఒప్పుకోండి. ఒకే రోజు, ఒకే రోడ్డు, ఒకే పెట్రోలు.

నాగావళి_గట్టు:
నాలుగో గేరులోనే ఉంచి, కిందికి దింపకుండా అయితే ఒప్పుకుంటాను. కేమన్ ఎస్ పూర్తి టార్కు 1,900 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, 2023 ఎం2కు 2,650 కావాలి.

కోటజంక్షన్:
గేరు దింపనివ్వని పరీక్షకు నేను ఒప్పుకోను. ఆ గేర్‌బాక్సుకు డబ్బు కట్టేది దింపుకోవడానికే.