అప్‌డేట్: జాకెట్ చేతుల మీద అద్దాలు ఇప్పుడు ఊడట్లేదు

కాటన్ జాకెట్ చేతులకి అద్దాలు కుడుతుంటే పక్కకి జారి ఊడొస్తున్నాయి, గమ్ లేకుండా ఎలా నిలబెట్టాలి అని అడిగా కదా, ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్ అండి.

కిటుకంతా అద్దాన్ని పట్టి ఉంచడానికి దాని మీద ముందు అడ్డంగా నిలువుగా వేసే దారాల గడిలోనే ఉంది. అంచు కుట్టు వేసేటప్పుడు ప్రతిసారీ దారం ఆ గడిని బయటికి లాగుతుంది కాబట్టి గడి అద్దం అంచుకి దగ్గరగా ఉంటే చివరికొచ్చేసరికి పట్టు ఉండదు. ఒకావిడ చెప్పినట్టు అడ్డం రెండు నిలువు రెండు దారాలు బాగా లోపలికి, మధ్యలో చిన్న చదరం మాత్రమే కనపడేలా గట్టిగా బిగించి, ఒకదాని కింద ఒకటి అల్లినట్టు తీసి, తర్వాత చుట్టూ కాజా కుట్టు తిప్పుకుంటూ వస్తే ఆ చదరం దానంతటదే గుండ్రంగా విచ్చుకుంది, భలే ఉంది చూడ్డానికి! గడికి ఎంబ్రాయిడరీ దారంలో 3 పోగులు చాలు, అంచుకి మాత్రం 6 పోగులూ పెడితేనే నిండుగా వస్తోంది.

గాజు అద్దం అంచు గరుగ్గా ఉంటే దారం కోసుకుపోతుంది, తడిపిన ఉప్పు కాగితం మీద ఓసారి తిప్పితే సరి. గమ్ చుక్క పెట్టమన్నవాళ్ళూ ఉన్నారు గానీ పల్చటి కాటన్ మీద మరక తేలుతుంది, సూది కూడా జిగురుగా ఆగిపోతుంది, నాకైతే నచ్చలేదు.

మా వదిన అప్పుడే తన జార్జెట్ చున్నీకి కూడా కుట్టమంటోంది. ఆ బట్ట అద్దాల బరువుకి వేలాడదా? వెనక ఏమన్నా పల్చటి గుడ్డ వెయ్యాలా, ఎవరైనా చేసుంటే చెప్పండి.