సిమెంటు దిబ్బలు వేస్తే ఆ జాగాలో వేట ఆపేస్తారా?

ఇసకపల్లి పడవ:
మా ఊరి ఎదురుగా సముద్రం అడుగున ఆర్టిఫిషియల్ రీఫ్, అంటే సిమెంటు దిమ్మల దిబ్బ వేస్తారంట. "మన్నార్ మాదిరి శాంక్చురీ చేసి మనల్ని రానియ్యరు" అంటుండారు కొందరు. నిజమేనా? వేసేదైతే ఎక్కడ వెయ్యమని అడగాల?

తీరం నోటు:
రెండూ వేరన్నా. గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో 21 దీవులు, 560 చదరపు కిలోమీటర్లు, 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్కు. అక్కడిది ప్రాణమున్న పగడం. దాని ఒంట్లో ఉండే నాచే దానికి తిండి, ఆ నాచుకు ఎండ కావాల. మన దగ్గర పెన్న ఒండ్రుకు నీళ్లు కలకబారి వెలుతురు అడుక్కి దిగదు. సిమెంటు దిబ్బ చేపలు చేరే గూడు, అంతే. వేసినంత మాత్రాన శాంక్చురీ కాదు.

ఒకవేళ శాంక్చురీయే అన్నా, 1972 వన్యప్రాణి చట్టంలో 26ఎ సెక్షన్ చూడండి. సముద్రాన్ని కలపాలంటే కేంద్రం ముందే ఒప్పుకోవాల. అక్కడి మత్స్యకారుల వృత్తి దెబ్బతినకుండా చూశాకే హద్దులు. పడవ ఆ నీళ్ల మీదుగా పోయే హక్కు ఎటూ పోదు.

వల తాడు:
జాగా సంగతి. బురదలో వేస్తే దిమ్మ కూరుకుపోద్ది. సీసపు గుండు అడుగున గ్రీజు అద్ది తాడుతో దించండి. ఇసక, గవ్వ ముక్కలు అంటుకొస్తే సరే, నల్ల బురద వస్తే ఆ చోటు వదిలెయ్యండి. నాలుగు మూలలా, నడిమధ్యా చూడాల, ఒక్క చోటుతో తేల్చొద్దు. ఆరు బారలకు తక్కువ లోతైతే తుఫానుకు దిమ్మలు దొర్లే ప్రమాదం. ఏటి మొగకూ, కృష్ణపట్నం ఓడల దారికీ దూరంగా అడగండి.

అసలు తగాదా వేశాకే. ట్రాలు వల (అడుగున ఈడ్చే వల) లాగితే వలా చిరుగుద్ది, దిమ్మలూ చెదురుతాయి. తెగిన వల దిమ్మకు చుట్టుకుని నెలల తరబడి చేపల్ని చంపుతానే ఉంటది. అందుకే అక్కడ గాలాలే వాడాల. లంగరు దిబ్బ మీద కాదు, ఇవతల ఇసకలో. జీపీఎస్ అంకెలు పక్కూళ్లకూ ఇచ్చెయ్యండి. దాచుకుంటే ముందు వాళ్ల వలే చిక్కేది, పంచాయితీ మీ ఇంటికొచ్చేది.

ఇసకపల్లి పడవ:
వేట నిషేధం రోజుల్లో దిబ్బ మీద గాలం వెయ్యొచ్చా? వేరే నీళ్లలో వేటకు పోతే వలలో పగడం ముక్క పడితే?

తీరం నోటు:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజనున్న పడవ ఏదీ కదలకూడదు. తెడ్డు, తెరచాప పడవలకు మినహాయింపు. రాతి పగడం ఆ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల పట్టికలో ఉంది, సముద్రపు తాబేలు మాదిరే. విడదీసి అక్కడే నీళ్లలో వదలండి. చచ్చిన ముక్కే కదా అని షోకేసులో పెట్టినా కేసే.