డ్రైవింగ్ స్కూల్లో ముందే కట్టిన ఫీజు: మిగిలిన క్లాసుల డబ్బు ఎంత అడగొచ్చు, ఎట్లా అడగాల?

కొత్తచక్రం (కర్నూలు, సి క్యాంపు)
కారు క్లాసులకు 6,500 కట్టినాం. 20 క్లాసులు, ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు), లైసెన్సు పని అన్నీ అందులోనే. 8 క్లాసులు అయినాయి, ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చింది. వచ్చే నెల బెంగళూరుకు బదిలీ. స్కూలు వాళ్లు 1,300 ఇస్తాం, అంతకు మించి పైసా రాదంటాండారు. రసీదు కింద ఊదా సిరాతో "ఒకసారి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని స్టాంపు ఉంది. దారేమన్నా ఉందా?

బురుజు_బండి
ఆ 1,300 యాడనుంచి వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. మామూలుగా వేసే లెక్క ఇది: విడి క్లాసు రేటు 400 చొప్పున 8 క్లాసులకు 3,200, "రిజిస్ట్రేషన్" 1,000, లైసెన్సు పని 1,000, మొత్తం 5,200 పట్టుకుంటారు. చేరేటప్పుడు చెప్పని విడి రేటు మానేసేటప్పుడు బయటికొస్తాది. అదీ కిటుకు.

మీ లెక్క మీరు వేయండి. లైసెన్సు పనికి 1,000 అనుకుంటే నేర్పడానికి మిగిలేది 5,500. దాన్ని 20తో భాగిస్తే క్లాసుకు 275. ఎనిమిదింటికి 2,200 పోతే క్లాసుల కింద రావాల్సింది 3,300. లైసెన్సు పనిలో ఎల్‌ఎల్‌ఆర్ అయింది, టెస్టుకు స్లాట్ ఇంకా బుక్ కాలేదు, అంటే సగం పని. 500 వదిలేసి 500 అడగండి. మొత్తం 3,800. విడి రేటు గానీ రిజిస్ట్రేషన్ గానీ రసీదులోనో, మీరు సంతకం పెట్టిన ఫారంలోనో లేకుంటే ఆ కోతకు ఆధారం లేదు.

అప్సర_సర్కిల్ (కడప)
లైసెన్సు పని కింద ఎంత ఖర్చయిందో కూడా అడగండి. కేంద్ర నిబంధనల్లో ఒక తరగతి బండికి లెర్నర్స్ ఫీజు 150, దాని పరీక్షకు 50. డ్రైవింగ్ టెస్టుకు 300, లైసెన్సుకు 200. ఆన్‌లైన్ సర్వీసు ఛార్జీ వేరే. టెస్టు ఫీజు కట్టేసి ఉంటే సారథి (లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు) రసీదు ఉంటుంది, అది మీకివ్వాల. రసీదు చూపించకుండా "అంతా గవర్నమెంటుకు కట్టేసినాం" అంటే ఒప్పుకోవద్దు.

క్లచ్చు_మీద_కాలు (అనంతపురం)
డబ్బు కంటే ముందు తేలాల్సింది ఎన్ని క్లాసులు అయినాయనేది. ఒక్కోసారి స్కూలు కార్డులో పన్నెండు టిక్కులుంటాయి, మీరేమో ఎనిమిదంటారు. ఆ టిక్కులు చూడండి: ఒకే పెన్ను, ఒకే వాలు, తేదీలు లేవు అంటే ఒకే రోజు కూర్చుని కొట్టినవే.

దీనికి మందు ఫారం 15. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం స్కూలు రెండు రిజిస్టర్లు పెట్టాల. చేరినవాళ్ల పేర్లకు ఫారం 14, ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు నడిపినారో రాయడానికి ఫారం 15. ఫారం 15లో నేర్చుకునేవాళ్ల సంతకం కూడా ఉండాల. "మా పేజీ ఫోటో తీసుకుంటాం" అని మర్యాదగా అడగండి. లేదంటే లేదన్నారని ఆ రోజే వాట్సాప్‌లో రాసి పెట్టండి, తర్వాత పనికొస్తాది.

ఇంకోటి. అదే నిబంధనల్లో రూల్ 31 ప్రకారం సొంత వాడకం (నాన్-ట్రాన్స్‌పోర్టు) బండి తరగతికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, స్టీరింగు చేతిలో ఉండాల్సింది కనీసం 10 గంటలు. 20 క్లాసులంటే ఒక్కోటి నిండుగా అరగంట నడిపితేనే అది సరిపోతాది. ఒకే బండిలో ఇద్దర్నెక్కించి ఒకరు నడుపుతుంటే ఇంకొకర్ని వెనక సీట్లో కూర్చోబెట్టడం, మధ్యలో డీజిల్ బంకుకు పోవడం, ఇవన్నీ క్లాసు కింద రాసేస్తారు. గంటల్లో లెక్క తీస్తే మీకు రావాల్సింది ఇంకా పెరగొచ్చు.

తుంగభద్ర_గట్టు
అందరూ ఇంత గట్టిగా చెప్పినారు గాని ఒక చేదు మాట కూడా ఉంది. ఇక్కడ ఆపింది మీరు, స్కూలు కాదు. బండి రిపేరులో ఉంటే, ట్రైనర్ మానేస్తే, పొద్దున ఆరు గంటల క్లాసును ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి మారిస్తే అది సేవాలోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) కింద లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు రసీదులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. మీ బదిలీ దీని కిందికి రాదు. మీకు పనికొచ్చేది కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 74: ఒప్పందం తప్పినా అవతలివాళ్లు తీసుకోగలిగింది సబబైన పరిహారమే. మీరు ఖాళీ చేసిన టైము స్లాటులో రెండో రోజే ఇంకొకరు చేరితే వాళ్లకు నష్టమెక్కడ? కాబట్టి 3,800 అడగండి, మూడువేల చిల్లరకు వస్తే తీసుకోండి. ఏడాది తిరిగేంత డబ్బు కాదిది.

కొత్తచక్రం
మరి ఆ స్టాంపు సంగతి?

తుంగభద్ర_గట్టు
స్టాంపు కొడితే చట్టం చెరిగిపోదు. అలాగని అసలు లెక్కలోకి రాదనీ కాదు, వినియోగదారుల కమిషన్ ఎదుట వాళ్ల మొదటి వాదన అదే. స్టాంపు ఎప్పుడు పడిందో చూడండి. డబ్బు కట్టినాక ఇచ్చిన రసీదు మీద మాత్రమే ఉంటే, అది మీరు ముందే ఒప్పుకున్న షరతు ఎట్లా అవుతాది?

జిల్లా కమిషన్‌కు వేసే ఫిర్యాదులో "అన్యాయ ఒప్పందం" అని మాత్రం రాయొద్దు. ఆ రకం ఫిర్యాదు వినే అధికారం రాష్ట్ర కమిషన్‌ది. జిల్లాలో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి, వీటిలో మీకు నిజంగా వర్తించేదే రాయాల.

బురుజు_బండి
అంతదూరం పోకముందు మెట్లు ఇవి. మొదట వాట్సాప్‌లో ఒక్క మెసేజ్: చేరిన తేదీ, కట్టిన మొత్తం, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు, అయిన క్లాసుల తేదీలు, పైన వేసిన లెక్క, 15 రోజుల గడువు. ఫోనులో గొడవ పడొద్దు, దానికి ఆధారం మిగలదు. జవాబు రాకుంటే అదే మేటర్ తెల్లకాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదూ ట్రాకింగ్ ప్రింటూ దాచిపెట్టండి. చాలామటుకు ఇక్కడే దిగొస్తారు, ఎందుకంటే కాగితం పోయిందంటే ఆర్టీఏ దాకా పోతుందేమోనని భయం.

ఆ తర్వాత 1915కు ఫోను, లేదా 8800001915కు వాట్సాప్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఆర్డరు వేసే అధికారం వాళ్లకు లేదు, స్కూలుకు రాసి జవాబు అడుగుతారంతే. ఫిర్యాదు నంబరు మాత్రం మీ ఫైల్లో ఉండాల.

అప్సర_సర్కిల్ (కడప)
యూపీఐలో కట్టినవాళ్లు బ్యాంకు చుట్టూ తిరగొద్దు. డబ్బు చేరాల్సిన చోటికే చేరింది, వాళ్లు చేసేదేం లేదు. క్రెడిట్ కార్డయితే సేవ అందలేదని డిస్ప్యూట్ వేయొచ్చు, అదీ స్కూలు వైపు తప్పుంటేనే నిలబడుతుంది. రసీదులో జీఎస్‌టీ వేసి ఉంటే తిరిగొచ్చే భాగం మీది జీఎస్‌టీ కూడా కలిపి అడగండి.

క్లచ్చు_మీద_కాలు (అనంతపురం)
స్కూలు గోడ మీద ఫారం 11 ఉందా చూడండి. అదే వాళ్ల లైసెన్సు, ఐదేండ్లకు ఇస్తారు. గడువు దాటి ఉంటే, బండిలో ట్రైనర్ కాళ్ల దగ్గర రెండో బ్రేకు లేకపోతే, ఫారం 15 అసలే రాయకపోతే రవాణా శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. రూల్ 28 కింద లైసెన్సు నిలిపేసే అధికారం వాళ్లకుంది. మీ డబ్బు ఇప్పించే పని మాత్రం వాళ్లది కాదు, రెండూ కలిపి ఒకే అర్జీ రాయొద్దు.

తుంగభద్ర_గట్టు
కమిషన్ దాకా పోతే: 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేండ్ల లోపు వేయాల. మీరుండే చోటో, పనిచేసే చోటో వేసుకోవచ్చు కాబట్టి బెంగళూరు పోయినాక కర్నూలుకు రావాల్సిన పనిలేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతిలో వేయొచ్చు. ఫిర్యాదు, అఫిడవిట్, రసీదు, వాట్సాప్ ప్రింట్లు, పోస్టు రసీదు ఉంటే చాలు. కేసు లేకుండా కూర్చుని మాట్లాడుకుందాం అనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ ఉచితం. ఇంత చిన్న మొత్తానికి అదే మేలు అనిపిస్తాది.

కొత్తచక్రం
మా మరదలు నేర్చుకుంటానంటాంది. మిగిలిన 12 క్లాసులు ఆయమ్మ పేరు మీదికి మారుస్తారా?

బురుజు_బండి
స్కూలుకు చేతి నుంచి డబ్బు పోదు కాబట్టి ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆయమ్మకు వేరే ఎల్‌ఎల్‌ఆర్ ఉండాల, అది లేకుండా స్టీరింగు పట్టకూడదు. ఫారం 14లో కొత్తగా పేరెక్కించి, "పాత రసీదు నంబరు ఫలానా, 12 క్లాసులు బదిలీ" అని కొత్త రసీదు రాయించుకోండి. నోటిమాట మీద వద్దు.

అప్సర_సర్కిల్ (కడప)
డబ్బు తీసుకున్నా, క్లాసులు మార్చినా ఒకటి మరవద్దు. ఎల్‌ఎల్‌ఆర్ అప్లికేషన్‌లో మీ నంబరు బదులు స్కూలు ఫోను నంబరు పెట్టేస్తారు. తర్వాత ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి, గొడవ పడినాక వాళ్లు ఫోనెత్తరు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరునెలలే, టెస్టుకు 30 రోజులు దాటాల. ఈ రోజే సారథిలో మొబైల్ నంబరు మార్చుకుని, ఆ తర్వాత రీఫండ్ మాట ఎత్తండి. డబ్బు ఖాతాలో పడకముందు "నాకు రావాల్సిందంతా ముట్టింది" అనే కాగితం మీద సంతకం పెట్టొద్దు.

కొత్తచక్రం
ఇప్పుడే చూసినాను. స్కూలు నంబరే ఉంది.